ఒంట్లో దాగిన ఉప్పు, లెక్కకు రాని మనుషులు

డయాలసిస్ రోగికి రక్తపరీక్ష చేస్తే సోడియం చాలాసార్లు మామూలుగానే వస్తుంది. లీటరుకు 135 నుంచి 145 మిల్లీమోల్స్ మధ్యనే ఉంటుంది. అదే మనిషికి కాళ్లు వాచి ఉంటాయి, బీపీ దిగదు, వెల్లకిలా పడుకుంటే ఆయాసం. రిపోర్టులో తప్పేమీ లేదు. అది చెప్పేది గాఢతను మాత్రమే. ఉప్పు పెరిగితే దాహం వేస్తుంది, నీళ్లు తాగుతారు. రెండూ కలిసి పెరుగుతాయి కాబట్టి గాఢత మారదు. దాదాపు 8 గ్రాముల ఉప్పు ఒక లీటరు నీటిని ఒంట్లో పట్టి ఉంచుతుంది. మూత్రం ఆగిపోయిన మనిషికి ఆ ఉప్పు బయటికి పోయే దారి ప్రధానంగా డయాలసిసే.

ఈ కనబడని ఉప్పును చూపించేదే సోడియం ఎమ్మారై. జర్మనీలోని ఎర్లాంగెన్‌లో యెన్స్ టిట్జె బృందం ఈ పద్ధతిని రోగుల మీద వాడింది. కాలి పిక్కను స్కాన్ చేస్తారు. కింద తెలిసిన గాఢతల ఉప్పునీటి గొట్టాలు పెట్టి, వాటితో పోల్చి చర్మంలో, కండరంలో ఎంత సోడియం ఉందో లెక్కగడతారు. 2015లో అచ్చయిన ఒక అధ్యయనం 24 మంది డయాలసిస్ రోగులను ఆరోగ్యవంతులతో పోల్చింది. వయసు పైబడిన రోగుల చర్మంలో, కండరంలో సోడియం ఎక్కువగా పోగుపడి ఉంది. డయాలసిస్ తర్వాత అది తగ్గింది. కిడ్నీ జబ్బు ఉన్నవాళ్లలో చర్మంలోని సోడియానికీ, గుండె ఎడమ గది కండరం పెరగడానికీ సంబంధం ఉందని 2017లో మరో అధ్యయనం చూపింది. డయాలసిస్ రోగుల ప్రాణాలు ఎక్కువగా పోయేది గుండె జబ్బులతోనే కాబట్టి ఇది చిన్న విషయం కాదు.

మామూలు ఆసుపత్రి ఎమ్మారై ఈ పని చేయలేదు. అది హైడ్రోజన్ సంకేతాన్ని పట్టడానికి తయారైనది. సోడియం సంకేతం చాలా బలహీనం, దానికి వేరే కాయిల్, వేరే ఏర్పాటు కావాలి. అందుకే ఇది ఇంకా పరిశోధనశాలల్లోనే ఉంది.

మరి కుప్పం, పుంగనూరు, మదనపల్లె దళితవాడలకు దీంతో ఏం పని? ఆ యంత్రం రేపే ఇక్కడికి రావాలని కాదు. అది బయటపెట్టిన నిజం, రోగి మీద వేసే నింద గురించి మనల్ని మళ్లీ ఆలోచించమంటుంది.

'చెప్పినా వినరు, ఉప్పు మానరు' అనే మాట డయాలసిస్ రోగులకు కొత్త కాదు. దళితుల విషయంలో ఈ మాట వెనక తిండి మీద ఉన్న కులపు చిన్నచూపు కూడా తోడవుతుంది. కూలికి పోయే ఇంట్లో రాగిసంగటిలోకి నంజుకునేది ఊరుబిండో, పచ్చిమిరపకాయల కారమో. కూరగాయలు కొనలేని చోట ముద్ద దిగడానికి ఉప్పూ కారమే ఆధారం. ఉప్పుకండం మాంసాన్ని నిలవ చేసుకునే పద్ధతి, ఫ్రిజ్ లేని ఇళ్ల తెలివి. అది రోగి మొండితనం కాదు.

పైగా ఉప్పు నోటి నుంచే రాదు. డయాలసిస్ ద్రవంలో సోడియం రోగి రక్తంలో కంటే ఎక్కువ ఉంటే యంత్రం నుంచే ఒంట్లోకి చేరుతుంది. నరాలు పట్టేయకుండా, బీపీ పడిపోకుండా దాన్ని పెంచడం వాడుకలో ఉంది. తర్వాత దాహం పెరుగుతుంది, నింద మాత్రం రోగికే.

మూడో కారణం సమయం. ఆరోగ్యమైన కిడ్నీలు వారానికి 168 గంటలు పనిచేస్తాయి. నాలుగేసి గంటల చొప్పున మూడుసార్లు చేయించుకుంటే దక్కేది 12 గంటలు, రెండుసార్లయితే 8. మూడోసారి రావాలంటే ఇంకో రోజు కూలి పోతుంది, తోడు వచ్చినవాళ్ల కూలీ పోతుంది. 2016లో జాతీయ డయాలసిస్ పథకం వచ్చింది. రాష్ట్రంలో డయాలసిస్ రోగులకు నెలకు 10,000 రూపాయల పింఛనుంది. ఆ పింఛను ఊరికే రాలేదు, ఉద్దానం లాంటి చోట్ల ప్రజలు అడిగితే వచ్చింది. అయినా పథకం లెక్కపెట్టేది సెషన్లను. ఒంట్లో ఎంత ఉప్పు మిగిలింది, ఏ వాడ మనిషి ఎన్నేళ్లు బతికాడు అన్నది లెక్కలోకి రావడం లేదు.

ఈ ప్రాంతపు పల్లెలు వైద్య శాస్త్రానికి ఇచ్చింది తక్కువేమీ కాదు. మదనపల్లె పక్కన ఆరోగ్యవరం క్షయ ఆసుపత్రి 1915 నుంచి ఉంది. 1950ల్లో చుట్టుపక్కల ఊళ్లలో బీసీజీ టీకా పరిశోధన జరిగింది. ఇచ్చినవాళ్లకు తిరిగి అడిగే హక్కుంది.

ఎమ్మారై రాకముందే చేయగలిగినవి ఉన్నాయి. ప్రతి సెషన్‌కు ముందూ తర్వాతా బరువు, ద్రవంలో పెట్టిన సోడియం ఎంతో తెలుగులో రాసి రోగి చేతికివ్వాలి. మూడో సెషన్‌కు దారి ఖర్చు, పోయిన కూలి ఇవ్వాలి. దళిత రోగులకు అందుకు 2013 ఉప ప్రణాళిక చట్టం నిధులు వాడాలి. రోగుల ఫలితాలను కులం వారీగా ప్రకటించాలి. రేపు మన రాష్ట్రంలో సోడియం స్కాన్ పరిశోధన మొదలైతే అందులో దళితవాడల రోగులకు చోటుండాలి. వాళ్లకు అర్థమయ్యే మాటల్లో చెప్పి, ఒప్పుకుంటేనే చేర్చుకోవాలి. ఫలితం కూడా ముందు వాళ్లకే చెప్పాలి.