ఒక్కరోజులో సర్దని ఇల్లు

ఇంటి అలంకరణ మీద సంచిక అనగానే కొత్త సోఫాల ఫొటోలు ఉంటాయనుకునేవారికి ముందే చెప్పేస్తున్నాం: ఇందులో సోఫాలు తక్కువ. అటక మీంచి దించిన ఇత్తడి బిందెలు, తాతగారి పడక కుర్చీ, పాత కవ్వం ఎక్కువ.

సంప్రదాయపు కళ కావాలని గదికి కావలసినవన్నీ ఒకే దుకాణంలో ఒకేసారి కొనేస్తే అది హోటల్ లాబీలా తయారవుతుంది. ఏళ్ల తరబడి ఒక్కొక్కటే చేరిన వస్తువులు రంగులు కలవకపోయినా కలిసిపోతాయి.

కొండపల్లి బొమ్మనే చూడండి. తేలికైన తెల్లపొణికి కర్రతో భాగాలు విడివిడిగా చెక్కి, చింతగింజల పొడి, రంపపుపొట్టు కలిపిన మక్కుతో అతుకుతారు. కాబట్టి దానికి తడిబట్ట వద్దు, మెత్తటి కుంచెతో దులిపితే చాలు. 2017లో భౌగోళిక గుర్తింపు పొందిన ఏటికొప్పాక బొమ్మల తీరు వేరు. గిర్రున తిరిగే అంకుడు కర్రకు లక్క ఒత్తితే, ఆ రాపిడి వేడికే రంగు కరిగి పట్టుకుంటుంది. అలాంటిదాన్ని ఎండ పడే కిటికీలో పెట్టడం అన్యాయం.

కలంతో గీసిన శ్రీకాళహస్తి కలంకారీని, అచ్చులతో అద్దిన పెడన కలంకారీని పక్కపక్కన వేలాడదీయకండి. ఒకటి రెండోదాన్ని మింగేస్తుంది. (ఇది మా అభిప్రాయమే. ఒప్పుకోనివారు ఉత్తరం రాయండి, అచ్చువేస్తాం.) నేలకు వరంగల్ జంపఖానా ఉంటే మరేం పరవాలేదు.

చిన్న ఫ్లాట్లలో వీటికి చోటు చేసే ఉపాయాలు లోపలి పేజీల్లో ఉన్నాయి. లిఫ్టులో పట్టని భోషాణాన్ని అయిదో అంతస్తుకు ఎలా చేర్చాలో మాత్రం మమ్మల్ని అడక్కండి.