లంచం లేకుండానే జైలు

నిరపరాధికి శిక్ష పడిందని తెలియగానే మామక్ కొట్లో తె తారిక్ గ్లాసుల మీదుగా తీర్పులు వెలువడతాయి. "పోలీసుకి డబ్బు ముట్టింది." "లాయరు అమ్ముడుపోయాడు." "మనవాడు కాబట్టే ఇరికించారు." అక్కడితో విచారణ ముగిసినట్టే. ఇవేవీ జరగవని నేననను. కానీ దుర్మార్గుణ్ణి వెతికే తొందరలో అసలు దోషిని వదిలేస్తున్నాం. ఆ దోషి మనిషి కాదు, చట్టం.

1952 నాటి ప్రమాదకర మాదకద్రవ్యాల చట్టంలో 37వ సెక్షన్ చదివారా? మీ అధీనంలో ఉన్న సంచిలో మత్తుమందు దొరికిందంటే అది మీదేననీ, అదేమిటో మీకు తెలుసనీ చట్టమే ముందుగా ఊహించేస్తుంది. కాదని రుజువు చేసుకోవలసింది మీరు. పక్కింటివాడిచ్చిన సంచిలో ఏముందో తెలియదని ఎలా రుజువు చేస్తారు? తెలియకపోవడానికి రసీదు ఉంటుందా? పోలీసు నిజాయితీపరుడే, జడ్జి నిష్పక్షపాతే, ఒక్క రింగిట్ చేతులు మారలేదు. అయినా అమాయకుడికి జైలూ రోతాన్ దెబ్బలూ పడగలవు!

అదే సెక్షన్‌లో ఇంకో ఊహ ఉంది. 15 గ్రాముల హెరాయినో 200 గ్రాముల గంజాయో మీ దగ్గరుంటే మీరు అక్రమ రవాణాదారు. మొదటి ఊహ మీద ఈ రెండోదాన్ని పేర్చడానికి 2014లో 37ఎ తెచ్చారు. ఉరికంబం దాకా ఊహల నిచ్చెన! 2019 ఏప్రిల్ 5న ఫెడరల్ కోర్టులో తొమ్మిదిమంది న్యాయమూర్తులు అది రాజ్యాంగ విరుద్ధమని కొట్టేశారు. ఆ ఐదేళ్లూ మనం లంచగొండుల్ని తిట్టుకుంటూ కూర్చున్నాం. 2023లో తప్పనిసరి మరణశిక్ష పోతే సంబరపడ్డాం. శిక్ష తగ్గిందే గాని నేరం అంటగట్టే దారి మూతపడలేదు. ఆ రెండు ఊహలూ విడివిడిగా ఇవాళ్టికీ బతికే ఉన్నాయి.

జనం దేన్ని తప్పంటే ప్రభుత్వం దాన్నే దిద్దుతుంది. లాకప్ దెబ్బల మీద గగ్గోలు పుట్టింది, 2005లో రాయల్ కమిషన్ నివేదిక వచ్చింది, 2007 నుంచి పోలీసుల దగ్గర ఇచ్చిన వాంగ్మూలం మామూలు కేసుల్లో నిందితుడిపై సాక్ష్యంగా చెల్లడంలేదు. మరి 37వ సెక్షన్ మీద గగ్గోలేదీ? లాఠీ కంటికి కనబడుతుంది, సెక్షన్ కనబడదు. అందుకే అది హాయిగా ఉంది.

ఓటడగడానికి వచ్చే నాయకుణ్ణి అవినీతి గురించి నిలదీయండి, తప్పులేదు. దాంతోపాటు ఇదీ అడగండి: నేరం రుజువు చేసే పని ప్రాసిక్యూషన్‌దా, నాదా? నీళ్లు నమిలేవాడికి ఓటెయ్యకండి.