వేగం రెట్టింపైతే దూరం ఎంత?

పిల్లలూ! ఒకప్పటి వరంగల్లు జిల్లాలో, నేటి ములుగు జిల్లాలో ఉన్న మేడారంలో రెండేళ్లకోసారి సమ్మక్క, సారలమ్మల జాతర జరుగుతుంది. లక్షలాది జనం వస్తారు. ఒకప్పుడు ఎక్కువమంది ఎడ్లబండ్లు కట్టుకుని వచ్చేవారు. ఇప్పుడు ఆ అడవి దారుల్లో బస్సులు, కార్లు, మోటారు సైకిళ్లు బారులు తీరుతున్నాయి. కాలినడకన పోయేవారూ ఆ పక్కనే నడుస్తుంటారు. కనుక బళ్ల గురించి పత్రికల్లో వ్యాసాలు రావడం మంచిదే. కాని వాటిలో సైన్సు తప్పులు దొర్లితేనే నాకు చిరాకు!

పేరెందుకు గాని, "వేగం రెట్టింపైతే బండి ఆగడానికి రెట్టింపు దూరం కావాలి" అని ఒక వ్యాసంలో చదివాను. వినడానికి సబబుగానే ఉంది కదూ? కాని అది తప్పు. కదిలే వస్తువుకు ఉండే గతిజశక్తి వేగం వర్గాన్ని బట్టి పెరుగుతుంది. వేగం రెండింతలైతే గతిజశక్తి నాలుగింతలు. బ్రేకులు ఆ శక్తినంతా వేడిగా మార్చాలి. అందుకే దూరం కూడా నాలుగింతలవుతుంది.

గంటకు 40 కిలోమీటర్ల వేగంతో పోయే కారు బ్రేకు పడ్డాక 12 మీటర్లలో ఆగిందనుకోండి. అదే రోడ్డు మీద 80 కిలోమీటర్ల వేగంతో పోతే 24 కాదు, 48 మీటర్లు కావాలి. అపాయం చూసి బ్రేకు తొక్కడానికి ఒక్క సెకను పట్టినా, ఈలోగా కారు మరో 22 మీటర్లు ముందుకు పోతుంది. మొత్తం 70 మీటర్లు! వ్యాసాన్ని నమ్మిన డ్రైవరుకు ఈ సంగతి ఎవరు చెబుతారు?

మరో తప్పు చూడండి. విద్యుత్ కారు బ్యాటరీ "30 కిలోవాట్లు" అని రాస్తుంటారు. ఉండవలసింది కిలోవాట్-అవర్లు. తొట్టిలో ఎన్ని నీళ్లున్నాయో చెప్పేది కిలోవాట్-అవర్ అయితే, కుళాయి ఎంత జోరుగా పోస్తుందో చెప్పేది కిలోవాటు. తొట్టి కొలతా, ధార జోరూ ఒకటేనా?

"చిన్న పొరపాటే కదా, ఇంత రాద్ధాంతమెందుకు?" అనేవారున్నారు. కథలో రాజు పేరు తప్పు పడితే ఎవరికీ దెబ్బ తగలదు. ఆగే దూరం తప్పు పడితే రోడ్డు పక్కన నడిచేవారి ప్రాణం మీదికి వస్తుంది. రాసేవారు అచ్చుకు ఇచ్చేముందు ఒక మెకానిక్కునో, భౌతికశాస్త్రం మాస్టారునో అడిగితే పోయేదేముంది?

మీరూ పత్రిక చదివేటప్పుడు పెన్సిలు దగ్గర పెట్టుకోండి. అంకె కనబడితే లెక్క కట్టి చూడండి. తప్పు దొరికితే సంపాదకునికి మర్యాదగా ఒక ఉత్తరం రాయండి. అచ్చులో ఉన్నంత మాత్రాన ప్రతిదీ నిజం కాదు. ఆ మాట, నేను రాసిన ఈ వ్యాసానికీ వర్తిస్తుంది సుమా!