ఒక్క మెతుకు చాలదు

అన్నం ఉడికిందో లేదో తెలియడానికి ఒక్క మెతుకు పట్టి చూస్తే చాలునని పెద్దలంటారు. వంటింట్లో ఈ మాట నిజమే. అయితే తల్లి గర్భంలో శిశువును పోషించే మావి విషయంలో మాత్రం ఈ సామెత చెల్లదు.

కాన్పు కాగానే మావిని పూడ్చిపెట్టి మరచిపోవడం మనకు అలవాటు. నెలలు నిండేసరికి అది సుమారు అర కిలో బరువు, 20 సెంటీమీటర్లకు పైగా వెడల్పు ఉంటుంది. గర్భస్థ శిశువుకు ఊపిరితిత్తులు, మూత్రపిండాలు చేయవలసిన పనులన్నీ అదే చేస్తుంది. తల్లి రక్తం, బిడ్డ రక్తం అందులో పక్కపక్కనే ప్రవహిస్తాయి గాని కలిసిపోవు. నడుమనున్న పలుచని పొర గుండా ప్రాణవాయువు, పోషకాలు బిడ్డకు చేరుతాయి, వ్యర్థాలు తల్లి వైపు మరలుతాయి.

ఈ పనులను నడిపించేవి ప్రోటీన్లు. ఏ ప్రోటీన్ ఎంత తయారవుతుందన్నది మావిలో చోటును బట్టి మారుతుంది. బొడ్డుతాడు అతుక్కున్న చోట, అంచున రక్తప్రసరణ ఒకే తీరుగా ఉండదు. ప్రాణవాయువు తగ్గిన చోట కణాలు వేరే ప్రోటీన్లను పెంచుతాయి. కాన్పు నొప్పులు, ముక్కను భద్రపరచడంలో జరిగే ఆలస్యం కూడా ఫలితాన్ని మార్చగలవు. కనుక పరిశోధకులు ఒకే మావిలో పలుచోట్ల నుండి ముక్కలు తీసి, రక్తం పోయేలా కడిగి, వెంటనే ద్రవ నత్రజనిలో గడ్డకట్టిస్తారు. ఒక మావిలోనే రెండు చోట్ల మధ్య ఎంత తేడా ఉందో ముందు కొలుస్తారు. ఆ తేడాను మించినదే ఇద్దరు తల్లుల మధ్య ఉన్న నిజమైన తేడా. ఒక్క ప్రశ్న అడిగి విద్యార్థి చదువును నిర్ణయించే ఉపాధ్యాయుడు ఎంత పొరబడతాడో మా వృత్తిలో ఉన్నవారందరికీ తెలుసు.

ఇంత శ్రమ ఎందుకు? ప్రతి 100 గర్భాలలో 2 నుండి 8 వరకు రక్తపోటు పెరిగే ప్రీఎక్లాంప్సియా అనే వ్యాధికి గురవుతాయి. అది ముదిరితే మన పెద్దలు గుర్రపువాతమనే మూర్ఛ వస్తుంది. మావి నుండి తల్లి రక్తంలోకి అధికంగా చేరే ఎస్‌ఎఫ్‌ఎల్‌టీ-1 అనే ప్రోటీన్ రక్తనాళాలను దెబ్బతీస్తుందని బోస్టన్‌లో అనంత్ కారుమంచి, ఆయన సహచరులు 2003లో వెల్లడించారు. ఆ ప్రోటీన్‌ను, రక్తనాళాలకు మేలు చేసే మరో ప్రోటీన్‌ను పోల్చి చూసే రక్తపరీక్షకు 2023లో అమెరికా ఔషధ నియంత్రణ సంస్థ అనుమతినిచ్చింది. మావిని శ్రద్ధగా చదివినందువల్ల లభించిన ఫలమిది.

అరబీలో గర్భాశయాన్ని రహిమ్ అంటారు, కరుణను రహ్మత్ అంటారు. రెండు పదాలకూ ధాతువు ఒకటే. గర్భవతి పట్ల కరుణ మాటలతో తీరేది కాదు. ఆమెకు విడవని తలనొప్పి, చూపు మసకబారడం, ముఖం, చేతులు ఉబ్బడం, పొట్ట పైభాగంలో నొప్పి కనిపిస్తే దిష్టి అనో, అలసట అనో తేల్చివేయకండి. అదే రోజు ఆసుపత్రికి తీసుకువెళ్ళండి. ఏ బాధా లేకున్నా ప్రతి తనిఖీలో రక్తపోటు చూపించండి. ఎందుకంటే ఈ వ్యాధి చాలాసార్లు చప్పుడు లేకుండా మొదలవుతుంది.

పరిశోధన కోసం మావి ముక్కలను వైద్యులు కోరితే, ఎందుకో, మిగిలినది ఏమవుతుందో అడిగి తెలుసుకోవడం మీ హక్కు. తెలుసుకుని సమ్మతిస్తే, మీరు ఎన్నడూ చూడని ఒక తల్లికి అది మేలు చేయవచ్చు.