నేలను పట్టుకుంటేనే ఇల్లు!

అమెరికాలో కొడుకు దగ్గరికో కూతురి దగ్గరికో వెళ్లిన పెద్దవాళ్లు సరదాగా ఇంటి గోడ తట్టి చూస్తారు. డొల్లగా మోగుతుంది! లోపల ఇటుక లేదు. చెక్క చట్రం, దాని మీద జిప్సం బోర్డు... అంతే. 'ఇంత డబ్బు పోసి కొన్నది ఈ చెక్కపెట్టెనా?' అని ముక్కున వేలేసుకుంటారు.

చెక్క ఇల్లు గట్టిదే. కాకపోతే తేలిక. మన ఇటుక గోడ తన బరువుతో తానే కూర్చుంటుంది. చెక్క గోడకు ఆ ధీమా లేదు. దాన్ని కాంక్రీటుకు కట్టిపడేయాల్సిందే. లేకపోతే ఏమవుతుందో 1989 అక్టోబరు 17న కాలిఫోర్నియాకు తెలిసొచ్చింది. 6.9 తీవ్రతతో భూమి కంపించిన ఆ సాయంత్రం శాంటా క్రజ్, వాట్సన్‌విల్‌లలో ఎన్నో పాత ఇళ్లు పునాది మీంచి పక్కకు జారిపోయాయి. ఇల్లు జరిగితే గ్యాసు గొట్టం తెగొచ్చు, మంటలూ రేగొచ్చు.

మరి కట్టిపడేయడం ఎలా? గోడ అడుగున కాంక్రీటును ఆనుకుని ఉండే చెక్కను 'సిల్ ప్లేటు' అంటారు. కాంక్రీటు పచ్చిగా ఉన్నప్పుడే అందులో బోల్టులు నిలబెట్టి, తర్వాత చెక్కకు బెజ్జాలు వేసి వాటిలోకి దించి నట్లు బిగిస్తారు. అక్కడి సాధారణ నిబంధన ప్రకారం బోల్టు అరంగుళం మందం ఉండాలి, 7 అంగుళాలు కాంక్రీటులో దిగాలి. రెండు బోల్టుల మధ్య దూరం 6 అడుగులు మించకూడదు. ఒక్కో చెక్కకు కనీసం రెండు బోల్టులు, చివరల నుంచి అడుగు లోపే చెరొకటి ఉండాలి. భూకంపాల ప్రాంతమైతే నట్టు కింద 3 అంగుళాల చదరపు ఇనుప బిళ్ల వేయాలి. కుదుపుకు చెక్క చీలిపోకుండా కాచేది అదే.

చెక్క కూడా ఏదో ఒకటి వేస్తే కుదరదు. పొడిగా కనిపించే కాంక్రీటు కూడా నేలలోని చెమ్మను పైకి లాగుతుంది. మామూలు చెక్కయితే పుచ్చిపోతుంది, చెదలు పడతాయి. అందుకే మందు పట్టించిన చెక్క వాడతారు. ఆ మందులో ఉండే రాగి మామూలు ఇనుమును తినేస్తుంది కనుక, బోల్టులకు జింకు పూత ఉండాలి లేదా అవి స్టెయిన్‌లెస్ స్టీలువై ఉండాలి.

పాత ఇంటికీ మార్గముంది. కాంక్రీటుకు డ్రిల్లుతో బెజ్జం వేసి, ఎపాక్సీ జిగురు నింపి బోల్టు దించుతారు. ముందుగా బెజ్జంలోని పొడిని బ్రష్‌తో రుద్ది, గాలి కొట్టి పూర్తిగా తీసేయాలి. లేకపోతే జిగురు పట్టుకునేది పొడినే, కాంక్రీటును కాదు!

ఫ్లాటులో చెక్క పార్టిషన్ పెట్టించేవారికీ ఇందులో పాఠం ఉంది. నేల తుడిచే నీళ్లు రోజూ తగిలేది అడుగు చెక్కకే. అక్కడ చవక చెక్క వేయించొద్దు. డ్రిల్లు పెట్టే ముందు నేలలో వైర్లు, నీళ్ల గొట్టాలు ఎటు వెళ్తున్నాయో కనుక్కోవాలి.

పిల్లలు కాలిఫోర్నియాలో 1980కి ముందు కట్టిన ఇల్లు కొంటున్నారా? వంటగది, తోట చూశాక, ఇంటి కింద జాగా ఉంటే టార్చిలైటుతో అక్కడా చూడమనండి. బోల్టులు కనిపించకపోతే, బేరం కుదుర్చుకునే ముందే ఇంజినీరును పిలిపించడం మేలు.