పిండి ఫ్రీజర్లో... బిస్కెట్లు ప్లేట్లో!

బేకరీ నుంచి పావుకిలో వెన్న బిస్కెట్లు తెస్తే సాయంత్రానికి డబ్బా ఖాళీ. నెలాఖరులో మళ్లీ కొనాలంటే పర్సు తడుముకోవాల్సిందే. అందుకే సెలవురోజు పిండి కలిపి ఫ్రీజర్లో దాచుకుంటే సరి.

చక్కెర పొడి 100 గ్రాములు, వెన్న 200, మైదా 300... గుడ్డుతో పనిలేదు. కర్రలా చుట్టి, గాలి చొరకుండా కవరులో బిగించి, తేదీ రాసిపెడితే రెండు నెలలు నిల్వ ఉంటుంది. ఒక్కోటి 15 గ్రాముల చొప్పున 40 బిస్కెట్లు! పది నిమిషాలు బయట ఉంచి కోసి, 170 డిగ్రీల ఓవెన్లో అంచులు రంగు తిరిగేదాకా కాల్చాలి.

గ్లూకోజ్ బిస్కెట్ ప్యాకెట్ ధరతో మాత్రం ఇది పోటీపడదు, వెన్న ఖరీదు మరి. నాలుగింటి కోసం ఓవెన్ వేడిచేసినా మిగిలింది కరెంటు బిల్లుకే. ట్రే నిండా పెట్టాలి. మైదాలోనూ హానికర బ్యాక్టీరియా ఉండొచ్చు కాబట్టి పచ్చిపిండిని పిల్లలు రుచి చూడకుండా జాగ్రత్తపడాలి.