మన బిడ్డకొక న్యాయము, మాడియా బిడ్డకొక న్యాయమా?

మన పిల్లలకు బడిలో తెలుగు నేర్పవలెనని సభ కూడినపుడెల్ల తీర్మానింతుము. రాజ్యాంగములోని 350-ఎ అధికరణమును ఉదాహరింతుము. 1956 నాటి సవరణతో చేరిన ఆ అధికరణము, భాషాల్పసంఖ్యాకుల బిడ్డలకు ప్రాథమిక దశలో మాతృభాషా బోధన కల్పించుటకు యత్నింపుమని రాష్ట్రములకు చెప్పుచున్నది. మన కోరిక న్యాయమైనదే. కాని జిమల్‌గట్ట చుట్టుపట్ల గూడెములలోని మాడియా గోండు బిడ్డ ప్రసక్తి ఆ తీర్మానములలో ఏనాడైన వచ్చినదా?

‘వారి భాషకు లిపి యేది, పుస్తకమేది?’ అందురు మనవారు. తెలుగువాడు అనదగిన మాట కాదిది. పర్లాకిమిడిలో ఉపాధ్యాయులైన గిడుగు రామమూర్తి పంతులుగారు (1863–1940) సవర పిల్లల కొరకు ఏమి చేసిరి? ముందు తామే శిష్యులై, ఒక సవరను గురువుగా పెట్టుకొని ఆ భాష నేర్చిరి. పిదప తెలుగు లిపిలో సవర వాచకములు వ్రాసిరి, బడులు పెట్టించిరి. 1931లో వ్యాకరణము, 1938లో నిఘంటువు వెలువడినవి. మనమో, ఆగస్టు 29న వ్యావహారిక భాషోద్యమము పేర దండ వేసి ఇంటికి పోవుదుము. (ఆయన పేర గ్రాంథికపు ఫక్కిలో వ్రాయుచున్నానని నవ్వుదురేమో, ఇది పాత గుమాస్తా చేతివాటము, ఇక మారదు.)

బ్రెజిల్ దేశీయుడు పౌలో ఫ్రెయిరీ 1963లో ఆంగికోస్ పట్టణపు కూలీలకు అక్షరములు నేర్పినపుడును వారి బ్రతుకులోని మాటలతోనే ఆరంభించెను. గోండీ మనకు పరాయిదియు కాదు, ద్రావిడ కుటుంబములోనిదే. వారు నీటిని ‘ఏర్’ అందురు. వినగానే మన ఏరు తలపునకు రాదా?

ఒకటవ తరగతిలో గురువుగారు బొమ్మ చూపగా ‘పిల్లి’ అంటిని. బెత్తము వీపున పడినది. ‘మాంజర్’ అనవలెనట! ఆ దెబ్బ నేటికిని మరువలేదు. అట్టి నేనే గుమాస్తా కుర్చీలో కూర్చుండి, గోండీలో మొరపెట్టుకొన్న ఒక ముదుసలిని ‘మరాఠీలో చెప్పు, లేదా తెలుగులో చెప్పు’ అని మూడు మారులు త్రిప్పి పంపితిని. నాలుగవ మారు అతడు రాలేదు. అతని అర్జీ ఏమయ్యెనో నే నెరుగను.

మరాఠీ వలదని నేననుట లేదు. నాకు అన్నము పెట్టిన భాష అది. మాడియా వాచకము దేవనాగరిలోనే వ్రాయవచ్చును. పిల్లవాడు దాని వెంట మరాఠీకి సులువుగా నడచును. అయితే ఆ వాచకమునకు మాటలు చెప్పవలసినవారు వారి పెద్దలు, మనము కాదు.

కావున కార్యవర్గమువారికి మనవి: ఈ యేటి తీర్మానములో ‘తెలుగు’ అన్నచోట ‘తెలుగు, మాడియా’ అని వ్రాయుడు. అట్లు వ్రాయనిచో దాని క్రింద నా సంతకముండదు.